కొండ కర్ర – కడలి పడవ



రాజవొమ్మంగి నుంచి చరిత్ర వ్యాసం అనగానే, అల్లూరి సీతారామరాజుగారు 1922 ఆగస్టు 24న మా ఊరి పోలీసు ఠాణా మీద జరిపిన దాడి గురించి ఉంటుందని మీరనుకోవడం సహజం. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి — ఈ వరుస మీలో చాలామందికి కంఠతా వచ్చును. అందుచేత ఈ ప్రత్యేక సంచికకు వేరొక విషయం ఎంచుకొన్నాను. పాతబడిన మర పడవను బాగుచేసి, సముద్రంలో గాలాల వేటకు సిద్ధం చేసే పనికి మన తీరంలో ఉన్న చరిత్ర అది.

కొండల్లో పుట్టినవాడికి కడలి సంగతులెందుకని కొందరికి అనిపించవచ్చు. 1974లో కాకినాడలో గుమాస్తాగా చేరేవరకు నేను సముద్రం చూసి ఎరుగను. తర్వాత ఉద్యోగరీత్యా పడవల అప్పులు, సబ్సిడీల కాగితాలు చూసే సీటులో చాలా ఏళ్లు ఉన్నాను. పడవ ఉన్నదో లేదో, ఇంజను నంబరు కాగితంలో ఉన్నదేనో కాదో సరిచూసేందుకు ఇన్‌స్పెక్టరుగారి వెంట రేవులకు వెళ్లి పంచనామా రాసేవాడిని. అలా చూసినవీ, పెద్దల వల్ల విన్నవీ, పుస్తకాల్లో చదివినవీ కలిపి రాస్తున్నాను.

కోరంగి నాటి పనితనం

మన తీరంలో ఓడ మరమ్మతు అనే విద్యకు పుట్టినిల్లు కోరంగి. కాకినాడకు దక్షిణంగా, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఈ ఊరు పద్ధెనిమిదో శతాబ్దం చివరనాటికే ఓడలు కట్టడానికీ, బాగుచేయడానికీ పేరుపడింది. పెద్ద ఓడలను లోపలికి తెచ్చి, నీరు తోడేసి, అడుగుభాగం బాగుచేసే డాకు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ ఉండేది. కలకత్తాకూ మద్రాసుకూ నడుమ తుఫానుకు దెబ్బతిన్న ఓడలకు అదొక దిక్కు. కోరంగి నుంచి ఓడ ఎక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను రంగూనులో ‘కోరంగీలు’ అనే పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వెళ్లిందో ఊహించుకోవచ్చు.

1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టింది. తర్వాత గోదావరి తెచ్చిన మట్టితో రేవు పూడిపోయి, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. రేవు పోయింది గాని పనివారి విద్య నిలిచింది. పక్కనే ఉన్న తాళ్లరేవులోనూ, కాకినాడ జగన్నాథపురంలోనూ పడవలు కట్టే వడ్రంగులు తరతరాలుగా ఆ పని సాగించారు. నక్షా కాగితం లేకుండా, తాడుతోనూ కంటితోనూ కొలిచి పడవ కట్టగల మేస్త్రీలను నా సర్వీసులో నేను స్వయంగా చూశాను.

కొండ నుంచి దిగిన కర్ర

మా చిన్నతనంలో, అంటే 1950లలో, రాజవొమ్మంగి నుంచి జడ్డంగి, అడ్డతీగల మీదుగా ఏలేశ్వరం వైపు దిగే కలప బండ్లను రోజూ చూసేవాళ్లం. ఎద్దుల మెడలో గంటలు వినిపిస్తే పిల్లలందరం బాటకు పరుగెత్తేవాళ్లం. నల్లమద్ది, వేగిస, కొండతంగేడు మానులు మా మన్యంలో విరివిగా ఉండేవి. ఆ కర్ర కింద ఎవరికి దూలమైందో, ఎవరికి పడవైందో అప్పట్లో మాకు తెలియదు. ఉద్యోగంలో చేరాక పడవలు కట్టే చోట మద్ది పలక కనిపించినప్పుడు మాత్రం ఊరివాడు ఎదురైనట్లు అనిపించేది.

పడవకు ఏ కర్రైనా పనికిరాదు. అడుగు దూలానికి బరువైన, చీలని, నీటికి కుళ్లని కర్ర కావాలి. పలకలకు టేకు గాని మద్ది గాని వాడేవారు. పక్కటెముకల వంటి వంపు కర్రలకు మేస్త్రీలు తుమ్మ కొమ్మలను వెతికేవారు. కోసి వంచిన కర్ర కంటె సహజంగా వంకర తిరిగిన కొమ్మకే బలం ఎక్కువ. దాని నార వంపు వెంటే సాగుతుంది గనుక అల దెబ్బకు విరగదు. వంకర కొమ్మను వంటచెరకు అనుకొంటాం మనం. పడవ మేస్త్రీకి అదే ముందు కావాలి.

ఇంజను వచ్చిన రోజులు

మన్యానికీ యంత్రపడవకూ పరిచయం గోదావరి మీద జరిగింది. గోదావరి మీదుగా మధ్య పరగణాల దాకా పడవ మార్గం వేయాలని కాటన్ దొర తలపెట్టిన పెద్ద పథకాన్ని 1871లో ప్రభుత్వం విరమించుకొన్నా, నది దిగువ భాగంలో స్టీమర్లు తిరుగుతూనే ఉండేవి. 1879 రంప పితూరీ రోజుల్లో సైన్యానికి సామాగ్రి చేరవేస్తున్న స్టీమరు మీద తిరుగుబాటుదారులు దాడి చేసిన సంగతి పాత జిల్లా గెజెటీరులో కనిపిస్తుంది.

సముద్రంలో చేపల పడవకు ఇంజను రావడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. స్వాతంత్ర్యం తర్వాత 1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితి కలిసి ఒప్పందం చేసుకొని, కేరళ తీరంలో ఇండో–నార్వేజియన్ ప్రాజెక్టు ప్రారంభించాయి. అదే దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పంపిన పాల్ జీనర్ అనే నౌకాశిల్పి మన దేశంలో పనిచేసి, చిన్న మర పడవలకు నమూనాలు తయారుచేశారు. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడి, మన తీరంలోనూ పరిశోధన కేంద్రాలు నడిపింది. కాకినాడలో ప్రభుత్వ బోట్ల నిర్మాణ యార్డు కూడా నడిచింది. అలా మన రేవుల్లోకి వచ్చిన బోట్లే పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా. పాబ్లోలు, రొయ్య బోట్లు ముప్పై అడుగులకు అటూ ఇటూ ఉండేవి. సొర్ర ముప్పైఏడు, సోనా నలభైమూడు అడుగులు. నేను ఉద్యోగంలో చేరేనాటికి సొర్ర బోటు ఉన్నవాడంటే పేటలో పెద్ద ఆసామి కిందే లెక్క.

బోట్లు తిరగక వెనుదీసే ఇసుక రేవుల కోసం మరో ప్రయత్నం జరిగింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం అలలను దాటుకొని ఒడ్డుకెక్కే డీజిలు పడవలను మన తీరంలో కూడా పరీక్షించింది. తర్వాత తెప్పలకూ నావలకూ చిన్న ఇంజన్లు, ఆపైన ఫైబరు తెప్పలు వచ్చాయి.

ట్రాలింగు వేరు, ట్రోలింగు వేరు

ఇక్కడ ఒక మాట వివరించాలి. ఒక్క గుణింతం తేడాతో రెండు వేర్వేరు వేటలున్నాయి. ట్రాలింగు అంటే పెద్ద సంచి వంటి వలను సముద్రపు అడుగున ఈడ్చుకొంటూ పోవడం. ట్రోలింగు అంటే నడుస్తున్న పడవ వెనుక గాలపు తాళ్లు వదిలి, పై నీళ్లలో పరుగెత్తే వంజరం, టూనా వంటి చేపలను ఒక్కొక్కటిగా పట్టడం. మొదటిది ఇంజను బలంతో జరిగే పని. రెండోది తెరచాప రోజుల నుంచీ ఉన్నది. గాలివాటున పోయే నావ వెనుక రెండు గాలాలు కట్టుకోవడం మన జాలరులకు ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే 1960ల నుంచి రొయ్యల ఎగుమతి పెరిగి, డాలర్లు రావడంతో అప్పులు, సబ్సిడీలు, శిక్షణ అన్నీ ట్రాలింగు చుట్టూనే తిరిగాయి. 1980లలో సోనా బోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉండి ఒడిశా దాటి పోయేవి. దశాబ్దం గడిచేసరికి బోట్లు ఎక్కువై, ఒక్కో బోటుకు వచ్చే రొయ్య తగ్గింది. డీజిలు ఖర్చు రాని బోట్లు ఉప్పుటేరుల్లో కట్టుబడిపోయాయి. అలాంటి పాత బోట్లను తక్కువకు కొని, బాగుచేసి, గాలాల వేటకు తిప్పుకొందామనే ఆలోచన కొందరు చిన్న యజమానులకు అప్పుడే వచ్చింది. ఈడ్చే వలకయ్యే డీజిలులో కొద్ది భాగంతోనే గాలం పడవ నడుస్తుంది. గాలానికి పడ్డ చేప నలగదు గనుక ధర కూడా బాగుంటుంది.

ఒక పాత బోటు బాగుచేత

1995 వేసవిలో అలాంటి బోటు ఒకదానిని మొదటి నుంచి చివర దాకా చూసే అవకాశం నాకు కలిగింది. యజమాని పేరు రాయను. ఆయన కుటుంబం నేటికీ ఆ వృత్తిలోనే ఉన్నది. బోటు పదిహేనేళ్ల సొర్ర. రెండేళ్లుగా ఏటిలో కట్టి ఉంది.

పోటు నిండుగా ఉన్నప్పుడు బోటును గట్టు దగ్గరకు తెచ్చి, దుంగలు వేసి, పాతికమంది పట్టి మీదికి లాగారు. రెండు పక్కలా దన్ను కర్రలు పెట్టి నిలబెట్టారు. అడుగున జానెడు మందాన గుల్లలు పట్టి ఉన్నాయి. గీకడానికే మూడు రోజులు పట్టింది. అప్పుడు తాళ్లరేవు నుంచి ముసలి మేస్త్రీ వచ్చాడు. చేతిలో చిన్న సుత్తి, మొనదేలిన ఆరె. ప్రతి పలకనూ జానెడుకొక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ చెవి ఒగ్గి వింటున్నాడు. గట్టి కర్ర టంగుమంటుంది. ఓడపురుగు తొలిచిన కర్ర బోలుగా మోగుతుంది. పైకి సూది మొనంత బెజ్జమే కనిపిస్తుంది, లోపల చూస్తే తేనెపట్టులా ఉంటుంది.

“మేస్త్రీ, ముందు ఇంజను చూడకూడదా? ఖర్చంతా అందులోనే గదా” అన్నాను.

“ఇంజనుకేటండి బాబుగోరూ, బాధొస్తే మూలుగుద్ది, పొగేత్తాది, ఊరందరికీ ఇనిపిస్తాది. సెక్క మూలగదండి. మనమే తట్టి అడగాల” అన్నాడు.

ఈ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఎందుకంటే నా చేతుల మీదుగా వెళ్లిన మరమ్మతు అంచనాల్లో ఇంజను పద్దు మొదటి వరుసలో, పెద్ద మొత్తంతో ఉండేది. చెక్కపని ఆఖరి వరుసలో, మిగిలినదానితో సరిపెట్టే పద్దు. ఇంజనుకు నంబరు ఉంటుంది, బిల్లు ఉంటుంది, కంపెనీ ఉంటుంది. చెక్కపనికి మేస్త్రీ వేలిముద్ర తప్ప రుజువు ఉండదు. అందువల్ల కాగితానికి ఇంజనంటేనే నమ్మకం. కొత్త ఇంజను అదురుకు పాత పలకల సందులు విచ్చుకొని నీరు పట్టిన బోట్ల కథలు రేవుల్లో వింటూనే ఉండేవాళ్లం.

ఆ బోటుకు పదకొండు పలకలు మార్చారు. పాత ఇనుప మేకులు తుప్పుపట్టి, చుట్టూ ఉన్న కర్రను కూడా తినేశాయి. వాటిని ఊడదీసి, బెజ్జాలకు కర్ర బిరడాలు కొట్టి, జింకు పూత మేకులు పక్కగా వేశారు. పలకల సందుల్లో పాత నార లాగేసి, కొత్త పత్తి, జనపనార పేని ఉలితో కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన మందు పూశారు. నార కూరడంలో ఒక ఒడుపు ఉంది. వదులుగా ఉంటే నీరొస్తుంది. మరీ బిగిస్తే, నీటిలో దిగి కర్ర ఉబ్బినప్పుడు పలకే మేకుల నుంచి తోసుకొని లేస్తుంది. పూర్వం ఓడల అడుగుకు పురుగు పట్టకుండా రాగి రేకు కొట్టేవారు. తర్వాత అల్యూమినియం రేకు, ఆపైన ఫైబరు పూత వచ్చాయి. ఈ యజమానికి అంత తాహతు లేక, అడుగున మాత్రం మందు రంగు వేయించాడు.

తర్వాత ఇంజను. దానిని విప్పి, రింగులు మార్చి, నాజిళ్లు పరీక్ష చేయించి, సముద్రపు నీరు లాగే పంపులో అరిగిన రబ్బరు చక్రం మార్చారు. డీజిలు ట్యాంకు అడుగున బురద, నీరు చేరి ఉంటే కడిగి, నీరు విడదీసే ఫిల్టరు పెట్టారు. మన తీరంలో నడిసముద్రంలో ఆగిపోయిన ఇంజన్లలో చాలావాటికి డీజిల్లో నీరే కారణమని మెకానిక్కు చెప్పాడు.

అసలైన నేర్పు ఇంజనునూ షాఫ్టునూ ఒక వరుసలో నిలపడంలో ఉంది. రెంటినీ కలిపే కప్లింగు ముఖాల మధ్య సన్నని ఉక్కు రేకు పెట్టి, పైన, కింద, కుడి, ఎడమ ఒకే సందు ఉన్నదా అని చూస్తారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా అదురు పుట్టి, బేరింగు అరిగి, పడవ వెనుక భాగం సందులు విచ్చుకొంటాయి. పైగా గట్టుమీద సరిగ్గా నిలిపినది నీటిలో దిగాక మారుతుంది. గట్టుమీద దన్నుకర్రల మీద నిలబడ్డ పడవ ఒళ్లు వేరు, నీటిలో తేలే ఒళ్లు వేరు. అందుచేత దించిన రెండు మూడు రోజులకు మళ్ళీ సరిచూడాలి. షాఫ్టు బయటికి వెళ్లే గొట్టం దగ్గర గ్లాండులో కొత్త తాడు వేసి బిగిస్తారు. అక్కడ పడవ నడుస్తున్నప్పుడు బొట్లు బొట్లుగా నీరు పడుతూ ఉండాలి. అస్సలు పడకుండా బిగిస్తే షాఫ్టు కాలిపోతుంది. ధారగా వస్తే పడవ నిండుతుంది.

గాలాల వేటకు తిప్పడం

ట్రాలింగు బోటును గాలాల బోటుగా మార్చడమంటే వల తీసేసి గాలం కట్టడం ఒక్కటే కాదు. వెనుక ఉన్న ఇనుప చట్రాలు, వల లాగే వించి ఊడదీశారు. బోల్టులున్న ప్రతి బెజ్జానికీ బిరడా కొట్టి మందు పూశారు. డెక్కు మీద వదిలేసిన బెజ్జం నుంచి దిగిన వాననీరే దూలాలను లోలోపల కుళ్లబెడుతుంది. బరువు తీసేసరికి బోటు వెనుక తేలింది. ఐసు పెట్టెను ఒకడుగు వెనక్కి జరిపి, అడుగున ఇసుక మూటలు సర్ది, పడవ సమంగా కూర్చునేటట్లు చేశారు. సరంగు పడవ అంచున నిలబడి అటూ ఇటూ ఊపి చూశాడు. పక్కకు వాలిన పడవ వెంటనే లేచి నిలబడాలి. లేవడానికి తాత్సారం చేస్తే పైన బరువు ఎక్కువైందని అర్థం.

ట్రాలింగు బోటు ఫ్యాను ఈడ్పు బలం కోసం చేసినది. రెక్కల మెలి తక్కువ, వెడల్పు ఎక్కువ. గాలాల వేటకు అది అంత అనువుకాదు గాని, కొత్తది కొనే స్తోమత లేక దాన్నే సొట్టలు తీయించి, తూకం సరిచేయించి వాడుకొన్నారు. ఇంకొక చిక్కు, ఈడ్చడానికి తగిన ఇంజను గంటల కొద్దీ మెల్లగా నడిస్తే లోపల మసి కడుతుంది. అందుచేత మధ్యమధ్య కొంతసేపు జోరు పెంచి ఆ మసి వదిలించుకోవాలి.

గాలపు తాళ్లు ఒకదానికొకటి చిక్కుపడకుండా బోటుకు రెండు పక్కలా పొడుగు గడలు చాచి కడతారు. వాటికి మన కొండల్లో దొరికే సాధనపు వెదురును మించినది లేదు. లోపల గుల్ల తక్కువ, వంగుతుందే గాని విరగదు. పక్కకు రెండేసి, వెనుక మధ్యలో ఒకటి — మొత్తం అయిదు తాళ్లు. బయటి తాళ్లు పొడుగు, లోపలివి పొట్టి. అన్నీ ఒకే పొడుగైతే బోటు తిరిగేటప్పుడు జడ అల్లుకొంటాయి. తాడుకూ గాలానికీ మధ్య తిరుగుడు కీలు ఉంటే తాడు మెలిపడదు. వంజరం పళ్లు కత్తెర వంటివి, నైలానును ఒక్క కొరుకులో తెంపుతుంది. అందుకని గాలం దగ్గర మూరెడు ఉక్కు తీగ పెడతారు. చేప ఒక్కసారిగా లాగినప్పుడు గాలం ఊడకుండా పాత ట్యూబు రబ్బరు ముక్కను తాడుకు కడతారు. ఎరగా కోడి ఈకలు, తళతళలాడే రేకు బిళ్ల, రంగు నైలాను పోగులు. బోటు గంటకు నాలుగు నుంచి ఆరు నాటికల్ మైళ్ల వేగంతో పోతే ఎర బతికిన చేపలా ఆడుతుంది. తెల్లవారుజాము, పొద్దుగూకే వేళ మంచి సమయాలు. పక్షులు గుంపుగా వాలే చోటు చూసి బోటును దాని చుట్టూ తిప్పుతారు, గుంపు మధ్యలోకి మాత్రం పోనివ్వరు.

బోటును నీటిలో దించిన మొదటి రోజు నీరు బాగానే వచ్చింది. యజమాని భార్య కంగారుపడి, “మేస్త్రీ తాతా, ఇదేటి ఇలాగుంది” అని అడిగింది. “ఎండిన సెక్క నీరు తాగుతాందమ్మా, రెండ్రోజులు ఓపిక పట్టు” అన్నాడు మేస్త్రీ. మూడో రోజుకు పలకలు ఉబ్బి సందులు మూసుకొన్నాయి. తోడిపోయడం కూడా తగ్గింది. నాలుగో రోజున కప్లింగు మళ్ళీ సరిచూసి, వేటకు పోయారు.

1996 నవంబరు 6

ఆ మరుసటి ఏడే గోదావరి జిల్లాలవాళ్లు మరచిపోలేని రాత్రి వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో సముద్రం మీద, లంకల్లో ఉన్న జాలరులు ఎందరో. భైరవపాలెం వంటి ఊళ్లలో మగదిక్కు లేకుండా పోయిన ఇళ్లు ఉన్నాయి. తర్వాతి వారాల్లో నష్టపరిహారం జాబితాలు రాసిన గుమాస్తాల్లో నేనొకడిని. ‘పడవ పేరు’, ‘ఇంజను నంబరు’, ‘మనుషులు’ అనే మూడు గడులు. మూడో గడిలో అంకె వేసేటప్పుడు పెన్ను కదిలేది కాదు.

నేను చెప్పిన బోటు ఆ సాయంత్రం వేటలో ఉంది. గాలి మారగానే సరంగు తాళ్లు కోసేసి ఒడ్డువైపు తిప్పాడు. ఇంజను ఆగలేదు, పడవ నీరు పట్టలేదు. చీకటి పడేలోగా కోరంగి మడ అడవుల మధ్య ఏటిలోకి చేరి, రెండు లంగర్లు వేసి, మడచెట్లకు మోకులు కట్టుకొన్నారు. అయిదుగురూ బతికారు. ఆ రాత్రి పోయిన బోట్లన్నీ మరమ్మతు లేనివని నేననడం లేదు. అంతటి గాలికి కొత్త బోట్లు కూడా నిలవలేదు. అదృష్టం ఉంది, సరంగు తెలివి ఉంది. కాని నాలుగు గంటల సేపు అలల మీద ఇంజను ఆగకుండా, సందులు విచ్చకుండా ఆ పాత బోటు నడవబట్టే ఆ అదృష్టం వాళ్లకు అందింది.

నేటి స్థితి

తర్వాత కాలంలో చాలా మార్పులు వచ్చాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం అమలులో ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఈ విరామమే బోట్లను గట్టుకెక్కించి బాగుచేసుకొనే అదను కూడా అయింది. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే తావులనూ, సముద్రపు పోకడనూ తెలుగులోనే తెలియజేస్తున్నది. 2000 తర్వాతి సంవత్సరాల్లో విశాఖ తీరంలో చిన్న పడవలవాళ్లు గాలాలతో పసుపు రెక్క టూనాను పట్టి మంచి ధర పొందడం మొదలుపెట్టారు. లక్షద్వీప్‌లో పాబ్లో బోట్లు దశాబ్దాలుగా టూనా వేటకే వాడుకలో ఉన్నాయి. తమిళనాడు పాక్ జలసంధిలో ట్రాలింగు వదిలి లోతు సముద్రపు వేటకు మారడానికి 2017లో ప్రభుత్వమే సహాయ పథకం పెట్టింది. మన రేవుల్లో కొందరు చిన్న యజమానులు ఒకప్పుడు సొంత ఖర్చుతో చేసిన ఆలోచన వంటిదే తర్వాత ప్రభుత్వ విధానంలోకి వచ్చిందన్నమాట.

అయితే బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. ఫైబరు పడవకు నార కూరే పని లేదు, సుత్తితో తట్టి వినే చెవి అంతగా అక్కరలేదు. మంచిదే, దానికి పురుగు పట్టదు, బరువు తక్కువ. కాని మన రేవుల్లో చెక్క బోట్లు ఇంకా తిరుగుతున్నాయి, వాటి మీద మనుషులు వెళుతున్నారు. ఆ ముసలి మేస్త్రీ కొడుకులు ఇద్దరూ ఇళ్ల తలుపుల పనిలోకి వెళ్లిపోయారు. ఒక మనుమడు మాత్రం ఫైబరు పనీ, చెక్కపనీ రెండూ నేర్చాడని విన్నాను.

సముద్రమే అక్కరలేదు. మా రాజవొమ్మంగి మండలంలోని వట్టిగెడ్డ జలాశయంలోనూ, అడ్డతీగల దగ్గర మద్దిగెడ్డలోనూ నీళ్లున్నాయి, గోదావరి మీద లాంచీలున్నాయి. 2018 మే 15న దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర లాంచీ మునిగి మన్యం జనం పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ట’ మునిగింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యంగారి బృందం అక్టోబరు 22న దాన్ని నది అడుగు నుంచి పైకి తీసింది. ప్రతి ప్రమాదానికీ కారణాలు వేరువేరు కావచ్చు. ఒక్కటి మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. పడవ తనిఖీ అంటే ఇంజను నంబరు రాసుకోవడం కాదు. నీటిలోంచి పైకి తీసి, అడుగు చూసి, ప్రతి పలకనూ, ప్రతి అతుకునూ తట్టి చూడాలి. మనం బతికున్నామని ఏడాదికొకసారి జీవన ధ్రువపత్రం ఇస్తున్నాం గదా. పడవ ఆ పత్రం గట్టుమీదనే ఇవ్వాలి.

మన సభ్యుల్లో రేవులవైపు, లంకలవైపు ఉద్యోగం చేసినవారు ఎందరో ఉన్నారు. మీకు తెలిసిన పాత మేస్త్రీ ఎవరైనా ఉంటే, ఆయన దగ్గర ఒక పూట కూర్చుని పలకల పేర్లు, కర్రల పేర్లు, నార కూరే లెక్కలు రాసి పెట్టండి. మీ మనవళ్లలో ఎవరైనా ఇంజనీరింగు చదువుతుంటే వెంటబెట్టుకొని వెళ్లండి. వేసవిలో బోట్లు గట్టుమీద ఉండగానే వెళ్తే, మేస్త్రీ సుత్తి దెబ్బకు గట్టి కర్ర ఎలా మోగుతుందో, బోలు కర్ర ఎలా మోగుతుందో వాళ్లు తమ చెవులతోనే వినవచ్చు.